యాడుండాదప్పా అని అడిగే టీచరమ్మ

"స్వామీ, గ్రీకు టీచరమ్మ పోయిందంట."

ఆ మాట చెప్పినవాడు చంద్రప్ప. నగర్తపేటలో మా బైండింగ్ షాపు పక్కనే అట్టపెట్టెలు చేస్తాడు. నేను అప్పుడు పొయ్యి మీద మైదా జిగురు కలుపుతున్నాను. గరిటె ఆగితే జిగురు ఉండలు కడుతుంది. గరిటె ఆగింది. తలుపు దగ్గర పాల ప్యాకెట్టు తీయకుండా ఉండిపోయిందనీ, కింది ఇంటివాళ్ళు అనుమానం వచ్చి తలుపు తోశారనీ, కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారనీ చంద్రప్ప చెబుతున్నాడు. నేను సరిగా వినలేదు. అతని ముఖం చూస్తున్నాను. టీచరమ్మ ఈ మూడేళ్ళలో నన్ను అడిగింది ఒక్కటే: చంద్రప్ప దగ్గరికి పోయి ఒక నిజం చెప్పమని. పది అడుగులు వేస్తే అతని షాపు. మూడేళ్ళలో ఆ పది అడుగులు నేను వెయ్యలేదు. ఆమె పోయిన కబురు మోసుకుని అతనే నా దగ్గరికి వచ్చాడు.

చదివే పెద్దలారా, నేను నెమ్మదిగా రాసే మనిషిని కాను. నెమ్మదిగా మాట్లాడే మనిషినీ కాను. మా వీధి చివర రామమందిరంలో శనివారం సాయంత్రం పురాణం చెబుతాను. ఏడో తరగతితో బడి ఆగింది. బైండింగుకు వచ్చిన పుస్తకాలే నా బడి. కుట్టేముందు చదివాను, కుట్టాక చదివాను. సంచిలో గ్రంథం లేకుండా ఇల్లు కదలను. ఎవరైనా అడ్డం మాట్లాడితే "శాస్త్రంలో ఉంది" అని గట్టిగా అంటే చాలు, నోరు మూసుకునేవాళ్ళు. మూసుకోని మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను. పది రోజులుగా చేతిలో సూది నిలవడం లేదు. కలమైనా నిలుస్తుందేమో చూడాలి.

ఆమె మా ఎదుటి మేడ మీద ఉండేవారు. కళ్ళజోడు, నేత చీర, నుదుట చిన్న కుంకుమ బొట్టు, భుజాన గుడ్డ సంచి. వీధిలో అందరికీ గ్రీకు టీచరమ్మే. పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. గ్రీకు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు మా వీధిలో తక్కువ. ఏదో ట్యూషన్ అనుకునేవాళ్ళు. "మా పిల్లోనికి మ్యాథ్స్ రాదు టీచరమ్మా, నీ గ్రీకుతో ఏమన్నా అవుతుందా?" అని పాలమ్మే ఆవిడ ఒకసారి అడిగింది. "వానికి నాకంటే మ్యాథ్సే నయం, పోనీలేమ్మా" అని ఈమె జవాబు.

నాకు ఆమె పరిచయం కావడమే నా తప్పుతో అయింది. పాతికేళ్ళ కిందటి మాట. వెన్ను విరిగిన లావు పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల నాకు తెలియని అక్షరాలు, మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు. "కుట్టి, అట్ట వెయ్యి. అంచులు మాత్రం కోయొద్దప్పా" అన్నారు. సరేనన్నాను. కుట్టాను. ఇక్కడ బైండరు జబ్బు ఒకటి చెప్పాలి. కుట్టిన పుస్తకాన్ని కటింగ్ మిషను కింద పెట్టి చక్రం తిప్పితే, అంచులు మూడు వైపులా వెన్న కోసినట్టు సమంగా దిగుతాయి. ఆ సుఖం అలవాటైన చెయ్యి మాట వినదు. తిప్పేశాను. రాతల చివరలన్నీ పోయాయి. ఆమె ఎన్నో ఏళ్ళుగా రాసుకున్నవి.

ఆమె పుస్తకం తెరిచి, ఒక్కో పుట తిప్పి చూశారు. నేను ముందే అరవడం మొదలుపెట్టాను. అది నా పద్ధతి, తప్పు నాదైతే గొంతు ఇంకా పెరుగుతుంది. "అంచు కోయకుంటే అది బైండింగే కాదమ్మా! ఏ బైండర్నైనా అడగండి!" అన్నాను.

"అది సరేప్పా. కోసిన ముక్కలు యాడుండాయి?"

గోనెసంచిలో ఉన్నాయి. చీపురు పుల్లలంత సన్నటి కాగితపు పీలికలు, అందులో నాలుగైదు పుస్తకాలవి కలిసిపోయి. ఆమె కింద చాప పరిపించుకుని కూర్చున్నారు. ఒక్కో పీలిక తీసి, పుట పక్కన ఆనించి చూసి, సరిపోతే నా జిగురుతోనే అతికించారు. ఇరవై రోజులు సాయంత్రాలు ఇదే పని. నన్నూ కూర్చోబెట్టారు. రాత తెలియకపోయినా కోత తెలుసు గదా నీకు, అంచు చూసి జత చెప్పు అన్నారు. నాలుగో రోజుకు నేను ఆమెకంటే వేగంగా జతలు పట్టాను. ఆమె చిన్నపిల్లలా సంబరపడ్డారు. "నువ్వు నా బతుకు నాశనం చేసినావనుకుంటి. చూడబోతే నా పని నేర్చుకుంటా ఉండావు" అన్నారు. ఆమె పని నిజంగా అదే. ఎక్కడో ఎడారి దేశంలో చెత్తకుప్పల్లో దొరికిన పాత కాగితపు ముక్కలు, చీమల బారులాంటి అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య ఎడమే ఉండదు. ఏ ముక్క ఏ కావ్యానిదో, ఏ మాట తర్వాత ఏ మాటో తేల్చడం. రెండువేల ఏళ్ళ కిందట చచ్చిపోయినవాళ్ళ గొంతును ముక్క ముక్కగా అతికించడం.

ఆ చాప మీదే ఆమె జీవితం కొంచెం కొంచెంగా విన్నాను.

ఆమె నాయన ఇదే పేటలో జరీ కొట్టులో గుమాస్తా. సామాను చుట్టడానికి పాత కాగితాలు తూకానికి కొనేవాళ్ళు. పదేళ్ళ పిల్లగా ఆమెకు ఆ కట్టలో ఒక పుట దొరికింది. ఎవరూ చదవలేని అక్షరాలు. మా పేట సంగతి మీకు తెలుసు, తెలుగు, కన్నడం, అరవం, ఉర్దూ, మార్వాడీ, అన్నీ ఒకే సందులో దొరుకుతాయి. పిల్ల ఆ పుట పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగింది. ఎవరికీ రాలేదు. ఒకాయన మంత్రం అన్నాడు. ఇంకొకాయన నిధి జాడ అన్నాడు. నాలుగేళ్ళు పుటను పెట్టెలో దాచుకుంది. చివరికి కంటోన్మెంటులో ఒక ముసలి పాదిరి చదివిపెట్టి పగలబడి నవ్వాడట. అది పిల్లల వాచకంలో పుట. అందులో ఉన్నదేమిటంటే, కుక్క గుమ్మం దగ్గర పడుకుంది, యజమాని ఇంట్లో లేడు.

"మంత్రం కాదని బాధపడలేదామ్మా?" అని అడిగాను.

"లేదప్పా. నాలుగేండ్లు మోసినాను గదా ఆ కుక్కను. దాని యజమాని యాడికి పోయినాడో తెలుసుకోవాలనిపించె."

ఆ పాదిరి దగ్గరే అక్షరాలు దిద్దారు. ఆయన ఉచితంగా చెప్పాడు, వారానికి రెండు మధ్యాహ్నాలు. తర్వాత కాలేజీ, తర్వాత స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండులో నాలుగేళ్ళు. వీధిలో ఆడవాళ్ళు ఆమె తల్లిని "గ్రీకు చదివితే గ్రీకు మొగుడొస్తాడేమో" అని ఏడిపించేవాళ్ళట. "వస్తే జరీ కొట్టులో కూర్చోబెడతాం" అని ఆ తల్లి జవాబు. మొగుడు రాలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు. తిరిగి వచ్చాక ఈ ఊళ్ళో గ్రీకు ఎవరికి కావాలి? పాదిరీలు కాబోయే పిల్లలకు కావాలి. వాళ్ళ గ్రంథం మొదట ఆ భాషలో రాశారు. అట్లా ఊరి చివర ఒక సెమినరీలో, కుంకుమ బొట్టు పెట్టుకున్న మా నగర్తపేట ఆడమనిషి, ముప్పై ఏళ్ళకు పైగా తెల్ల అంగీల పిల్లలకు గ్రీకు చెప్పారు. మొదటి రోజే ఒకడు లేచి అడిగాడట, మీరు హిందువులు కదా, మా భాష మీకెందుకు అని. "నీది కాదప్పా, నాది కాదు. ఆ భాష మాట్లాడినోళ్ళు ఎప్పుడో పోయినారు. ఆ ఇంట్లో మనమిద్దరం బాడుగకుండాం" అన్నారట. ఆ పిల్లవాడే తర్వాత ఆమెకు అందరికంటే దగ్గరయ్యాడు. అతని గురించి మళ్ళీ చెప్పాలి.

ఆమె ఎప్పుడూ పెన్సిలుతోనే రాసేవారు. పెన్ను దేవునికి, పెన్సిలు మనుషులకు అనేవారు. సంచికి దారంతో రబ్బరు కట్టి ఉండేది. కాఫీ హోటల్లో ఎప్పుడూ బై టూ. ఒక కాఫీ రెండు గ్లాసుల్లో పోయించి, ఏది ఎక్కువుందో వంగి చూసి ఆ గ్లాసు నా వైపు తోసేవారు. శనివారం మందిరానికి వచ్చేవారు. చెప్పుల దగ్గర, వెనక నిలబడి వినేవారు. భక్తి కోసం అని నేను అనుకున్నాను. ఒకరోజు చెప్పారు, నువ్వు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటావో చూస్తా ఉండాను, ఆ కాలంలో వాళ్ళు కూడా ఇట్లే నిలబడి చెప్పినోళ్ళే అని. ఇంకొకటి కూడా చూసేవారు. బయటికి వచ్చాక అడిగేవారు: "ఇందాక చెప్పినావే, యాడుండాదప్పా ఆ మాట?"

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. సంచిలోంచి గ్రంథం తీసి, పుట తిప్పి, వేలు పెట్టి చూపించేవాణ్ణి. "ఇదిగో!" ఆమె చదివి, "ఉండాది. బాగుండాది" అనేవారు. అంతే, ఎంత సంతోషమో. పండితులు శాలువా కప్పినా అంత సంతోషం ఉండదు. ఎందుకంటే ఆమె ఊరికే అనరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక తప్పించుకోను.

లాక్‌డౌన్‌లో చంద్రప్ప తండ్రి పోయాడు. చంద్రప్ప తమ్ముడు సీనప్ప అప్పుడు హొసూరులో ఫ్యాక్టరీ పని చేసేవాడు. కబురు తెలిసి బయలుదేరాడు. రాష్ట్ర సరిహద్దులో అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. పాసు లేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా బారికేడు దగ్గర నిలబడి, కాళ్ళు పట్టుకుని, చివరికి వెనక్కి పోయాడు. ఇక్కడ అదే రోజు దహనం అయిపోయింది. చంద్రప్ప మనసులో అది ముల్లులా ఉండిపోయింది. "మనసుంటే చేలకడ్డం పడైనా వస్తాడు" అనేవాడు. అయినా కాలం గడిస్తే మెత్తబడేవాడే. వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

మందిరం మళ్ళీ తెరిచిన మొదటి శనివారం నేను వేదిక ఎక్కాను. ఎన్ని నెలల తర్వాతో! జనం కిక్కిరిసి ఉన్నారు. అందరి ఇళ్ళలో ఎవరో ఒకరు పోయారు. ఆ రోజుల్లో తండ్రుల శవాలు తీసుకోవడానికి రాని కొడుకుల కథలు విని నా కడుపు మండి ఉంది. ఆ మంటలో నోటి నుంచి ఒక మాట దూకింది. "తండ్రి చితికి రాని కొడుకు ముఖం చూడరాదు! చూసినవాడి ఇంట దీపం నిలవదు! శాస్త్రంలో ఉంది!" జనం ఘొల్లుమన్నారు. ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత ఎన్నో శనివారాలు చెప్పాను. చెప్పినకొద్దీ అది ఎక్కడో చదివానని నాకే నమ్మకం కుదిరింది. పుట కూడా కళ్ళకు కట్టినట్టు ఉండేది, ఎడమ వైపు, కింద నుంచి మూడో వరుస.

చంద్రప్ప మొదటి వరుసలో కూర్చుని విన్నాడు. టీచరమ్మ జబ్బు భయంతో అప్పటికింకా జనంలోకి రావడం లేదు.

కొన్నాళ్ళకు సీనప్ప వచ్చాడు. ఇదే ఊళ్ళో బొమ్మనహళ్ళి గార్మెంట్సులో పని దొరికిందట, ఆ సంగతి చెప్పుకోవడానికి స్వీట్లు పట్టుకుని వచ్చాడు. చంద్రప్ప అరుగు మీదే నిలబెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, నా మాట అప్పచెప్పి, తలుపు వేసుకున్నాడు. ఎదుటి మేడ మీద నుంచి టీచరమ్మ ఇదంతా చూశారు. మర్నాడు నా షాపుకు వచ్చారు. కూర్చోలేదు.

"యాడుండాదప్పా ఆ మాట?"

"ఉండాదమ్మా, చూపిస్తా" అన్నాను.

"చూపియ్యి."

మూడు నెలలు వెతికాను. ఇంట్లో ఉన్న పురాణాలన్నీ తిప్పాను. నేను కుట్టిచ్చిన పుస్తకాలు ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో పోయి అడిగి తిప్పాను. ఎడమ వైపు, కింద నుంచి మూడో వరుస! ఎన్ని వేల మూడో వరుసలు చదివానో. లేదు. ఎక్కడా లేదు. చివరికి ఆమె మేడ ఎక్కి తల వంచుకుని నిలబడ్డాను.

ఆమె గెలిచినట్టు నవ్వలేదు. "కూర్చో. నేనొకటి అడుగుతా, తప్పైతే చెప్పు. పురాణాలు నాకు నీ అంత తెలీవు. మీ మందిరంలో పటంలో ఉండే సామి, వాళ్ళ నాయన పోయినప్పుడు యాడుండాడు?"

 అడవిలో ఉన్నాడు! తండ్రి చితికి ఆ పెద్దకొడుకు రాలేదు! తమ్ముడు కబురు మోసుకుపోతే కొండ మీద ఏడ్చాడు! నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్న కథ. ఆ పటం కింద నిలబడి, ఆ స్వామి ముఖం చూస్తూ, తండ్రి చితికి రానివాడి ముఖం చూడరాదని అరిచాను. అంత జనంలో ఒక్కరూ అడగలేదు. నాకూ తోచలేదు.

అప్పుడామె తన పని గురించి చెప్పారు. ఆ పాత నాటకాలను తర్వాతి కాలంలో ఆడిన నటులు చప్పట్ల కోసం అక్కడక్కడ సొంత పంక్తులు చేర్చేవాళ్ళట. రాసుకునేవాళ్ళు అవి కూడా కలిపి రాసేశారు. ఏది కవిది, ఏది నటుడిది అని తేల్చడమే ఆమె జీవితమంతా చేసిన పని. చేర్చినదని తేలితే కొట్టెయ్యరు. అటూ ఇటూ కుండలీకరణాలు పెడతారు. చదివేవాడికి కనబడుతూ ఉండాలి, ఇది అసలుది కాదని తెలుస్తూ ఉండాలి. "ఆ నటుల మీద నాకు కోపం రాదప్పా. జనం ఏడుస్తా ఉంటే, ఇంకొక్క మాట చేర్చాలని ఎవనికైనా అనిపిస్తాది" అన్నారు. అది నన్ను తిట్టినదానికంటే ఎక్కువ మండింది.

"చంద్రప్పకు చెప్పాలంటే నాకు సిగ్గవుతుందమ్మా" అన్నాను.

అలమారలోంచి ఒక పాత పత్రిక తీశారు. ఆమె ఒకప్పుడు ఒక నాటకంలో ఒక పంక్తిని నటులు చేర్చిందే అని వాదించి పెద్ద వ్యాసం రాశారు. పేరొచ్చింది. దేశదేశాల వాళ్ళు ఒప్పుకున్నారు. పదేళ్ళ తర్వాత ఒక ముక్క దొరికింది, ఆమె చూసిన ప్రతులన్నిటికంటే ఎన్నో వందల ఏళ్ళు పాతది. అందులో ఆ పంక్తి ఉంది, ఆమె వాదమంతా కూలిపోయేట్టు ఉంది. ఆమె అదే పత్రికకు రెండే వాక్యాలు పంపారు. ఆ పంక్తి అసలుదే. నేను పొరబడ్డాను. ఆ రెండు వాక్యాల కింద ఆమె పేరు. నాకు ఆ పుటలో చదవగలిగింది ఏమీ లేదు, వేలు పెట్టి ఆమే చూపించారు.

"సిగ్గు కాలేదా అమ్మా?"

"కాలేదా! రెండు దినాలు అన్నం దిగలేదు. పంపించినాక దిగింది. పోయి చెప్పు. నీకు పది అడుగులే."

చెబుతాను అన్నాను. వచ్చే శనివారం అన్నాను. పండగ పోనీ అన్నాను. చంద్రప్ప కూతురి పెళ్ళి కానీ అన్నాను. పెళ్ళికి బాబాయి సీనప్ప రాలేదు. ఆమె కనిపించినప్పుడల్లా "చెప్పినావా?" అనేవారు. దయ్యం తలుపు తడితే తిరిగిపోవాలని కన్నడంలో 'నాళె బా', రేపు రా, అని గోడ మీద రాసేవాళ్ళు మా ఊళ్ళో. "నీ నోటి మీద నాళె బా అని రాసి పెట్టినావేమప్పా" అన్నారొకసారి. నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ఏడాది అడగడం మానేశారు. బై టూ కాఫీ తాగేటప్పుడు నా వైపు చూసి, గ్లాసు తోసేవారు, అంతే. అయ్యలారా, అడిగినన్నాళ్ళు తప్పించుకోవచ్చు. అడగనివాళ్ళను ఎట్లా తప్పించుకుంటారు?

మందిరంలో ఆ మాట మాత్రం మళ్ళీ చెప్పలేదు. అదే నా ప్రాయశ్చిత్తం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పడం మానేసినంత మాత్రాన, విన్నవాళ్ళు వినడం మానేస్తారా?

ఆమె పోయిన రోజు సాయంత్రం కరెంటు శ్మశానానికి తీసుకెళ్ళాం. ఆమె తమ్ముడి కొడుకు కర్మ చేశాడు. మా వీధివాళ్ళు ఒక పక్క, తెల్ల అంగీల పాదిరీలు ఒక పక్క. చంద్రప్ప పాడె మోశాడు, ఆమె అంటే అతనికీ గౌరవమే. ఒక ముసలి పాదిరి ఆమె చెప్పిన భాషలోనే నాలుగు మాటలు చదివాడు. కొలిమి తలుపు మూశారు. అంతా అయిపోయింది.

అప్పుడు గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇందాక చెప్పాను చూడండి, మొదటి రోజే లేచి అడిగిన విద్యార్థి. ఇప్పుడు జుట్టు నెరిసింది. మంగళూరు దగ్గర ఏదో చర్చిలో ఉంటాడు. ఘాట్‌లో బస్సు చెడిపోయిందట. మూసిన తలుపు చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. "అమ్మా, వచ్చినానమ్మా" అని ఏడుస్తున్నాడు. మా వీధివాళ్ళు ఇద్దరు లేపడానికి పోబోతే చంద్రప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోవద్దండి. కొడుకు మాదిరి ఉన్నోడు, అయినాక వచ్చినాడు. ఆ ముఖం చూడకూడదు. స్వామి చెప్పినారు గదా, శాస్త్రంలో ఉండాది."

వాళ్ళు ఆగిపోయారు. నా మాటకు ఆగిపోయారు! ఆమె కొలిమి లోపల ఉన్నారు, ఆమె శిష్యుడు దుమ్ములో ఉన్నాడు, మధ్యలో నా మాట గోడలా నిలబడి ఉంది.

"లేదు" అన్నాను.

జీవితంలో మొదటిసారి, తప్పు నాదై కూడా నా గొంతు పెరగలేదు. చంద్రప్ప తిరిగి చూశాడు. "ఏంది స్వామీ?"

"ఆ మాట ఏ శాస్త్రంలోనూ లేదు చంద్రప్పా. నేను చెప్పినా. నా నోటికొచ్చింది చెప్పినా. టీచరమ్మ వెతికించింది. యాడా లేదు. మూడేండ్లాయె నాకు తెలిసి."

పోయి ఆ పాదిరిని నేనే లేపాను. వెనక్కి తిరిగేసరికి చంద్రప్ప అక్కడే ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు.

"రాముడు నాయన చావుకు పోలేదని నాకు తెల్దా స్వామీ?" అన్నాడు. గట్టిగా కాదు. "అప్పుడే అనుకుంటి. అయినా నువ్వు శాస్త్రంలో ఉండాదంటివే. మన బుర్రకు అందనిదేదో ఉండాదిలే అని తలుపేసుకుంటి. మూడేండ్లు తెలిసి, దినామూ నా అంగడి ముందరే పోతా ఉంటివే! నా బిడ్డ పెండ్లికి అక్షింతలు వేస్తివే!"

వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు అట్టలు కోసే చప్పుడు తప్ప పక్క షాపు నుంచి మాట లేదు.

శనివారం వేదిక ఎక్కి అందరి ముందూ చెప్పాను. పురాణం చెప్పలేదు, ఇదొక్కటే చెప్పాను. కొందరు లేచి పోయారు. ఒక ముసలావిడ మాత్రం "అయ్యో, పోనీలే స్వామీ, మంచిగుండె ఆ మాట, దాన్నట్లే ఉండనియ్యి" అంది. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెనక, చెప్పుల దగ్గర చూశాను. చంద్రప్ప నిలబడి ఉన్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చి, "స్కూటర్ తియ్యి" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

బొమ్మనహళ్ళిలో ఏ సందో అతనికి తెలియదు. ఎవరినీ అడగనూ లేదు. వరసగా మూడంతస్తుల వఠారాలు ఉన్న ఒక వీధి మధ్యలో దిగి, తల పైకెత్తి "సీనా!" అని అరిచాడు. ఆదివారం కదా, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. నాలుగు తలకాయలు బయటికి వచ్చాయి, ఒకడు తమిళంలో ఏమిటన్నాడు. "మీరు కాదప్పా, పోండి!" అని చంద్రప్ప వాళ్ళ మీదే కసిరాడు. పక్క సందు, మళ్ళీ అరుపు. దాని పక్క సందు. ఆరో సందులో రెండో అంతస్తు కటకటాల వెనక ఒక మనిషి గడ్డం గీసుకుంటున్న చెయ్యి ఆపి కిందికి చూశాడు. కత్తి చేతిలోనే పెట్టుకుని మెట్లన్నీ దూకుతూ దిగాడు.

"అన్నా! ఎవరు పోయినారు?"

చావు కబురు తప్ప ఇంకేదీ అన్నను తన గుమ్మం దాకా తీసుకురాదని ఆ మనిషి అనుకున్నాడు. 

"టీచరమ్మ" అన్నాడు చంద్రప్ప. "ఎదురు మేడ టీచరమ్మ. పోయిన వారం."

"అయ్యో! చెప్పొద్దా అన్నా? వచ్చుందును గదా!"

వీధిలో కూరగాయల బండి పోతోంది. మేము దారికి అడ్డం ఉన్నామని బండివాడు గంట కొడుతున్నాడు. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. సీనప్ప ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద సబ్బు నురుగు ఎండకు పొరలుగా ఆరుతూ, గడ్డం మీదుగా మెడ మీదికి జారుతోంది. చంద్రప్ప ఆ ముఖం చూస్తూనే ఉన్నాడు.